నికోటిన్ ప్యాచ్ ఉన్నా భోజనం కాగానే సిగరెట్ కావాలనిపిస్తుంటే గమ్ ఎప్పుడు వేసుకోవాలి?

రోజుకు 20 సిగరెట్లు, నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది. అలాంటి మనిషి మానేసి ఇవాళ్టికి 5వ రోజు. డాక్టర్ చెప్పినట్టే పొద్దున ఒంటికి అంటించుకునే 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్, కోరిక పుట్టినప్పుడు 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్. మిగతా రోజంతా పర్లేదు. భోజనం ముగించి కాఫీ తాగగానే వచ్చే కోరికను మాత్రం ఆపడం కుదరట్లేదు. సంకల్పం గట్టిదే, లోటు అక్కడ లేదు.

ప్యాచ్ నికోటిన్‌ను నిదానంగా ఇస్తుంది కాబట్టి ఒక్కసారిగా వచ్చే కోరికను అందుకోలేదని తెలుసు. గమ్ వాడే పద్ధతీ సరైనదే: ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగుళ్ళకూ మధ్య పెట్టి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలడం, అలా అరగంట. గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, గుండెల్లో మంట వస్తాయి. చిక్కల్లా కాఫీతోనే. తాగాక 15 నిమిషాలదాకా గమ్ వేయకూడదు, నోట్లో పులుపుంటే నికోటిన్ ఒంటికి పట్టదు. కోరికేమో సరిగ్గా ఆ 15 నిమిషాల్లోనే!

భోజనం కాగానే నోరు పుక్కిలించి గమ్ వేసుకుని, కాఫీని గంట వెనక్కి జరపడం ఎవరికైనా పనిచేసిందా? ఆ కాసేపూ చేతికీ నోటికీ ఏం పని పెట్టారు? గమ్‌ను 4 మిల్లీగ్రాములకు మార్చమని డాక్టర్‌ను అడగడానికి ఇది తగిన కారణమేనా?

ఇంకొకటి. పొగ మానేశాక కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇప్పటి దడ, చిరాకు దానివల్లా, నికోటిన్ చాలకా అన్నది ఎలా గుర్తుపట్టాలి? కాఫీ సగానికి తగ్గించినవాళ్ళు ఎన్ని రోజుల్లో తేడా చూశారో దయచేసి చెప్పండి.