‘అమర్చడం’ వేరు, ‘అమరడం’ వేరు: ఆటలోని ఇంటికి తగిన క్రియాపదం ఏది?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. ‘ది సిమ్స్ 4’ అనే కంప్యూటర్ ఆటలో ఒక కుటుంబం కాపురముంటున్న ఇంటిని ఎలా మార్చుకోవాలో, ఎలా అలంకరించుకోవాలో వివరిస్తూ తెలుగులో ఒక చిన్న మార్గదర్శిని రాస్తున్నాను. శీర్షిక దగ్గరే కలం ఆగిపోయింది. ‘రీమోడలింగ్’ అన్న మాటకు బదులుగా ‘పునర్నిర్మాణం’, ‘నవీకరణ’, ‘మరమ్మతు’ అని వరుసగా మూడు రాసి, మూడింటినీ కొట్టేశాను. ఇంట్లో మనుషులు ఉండగానే వాళ్ళ అవసరానికి తగ్గట్టు ఇంటిని మార్చడం అన్న అర్థం రావాలి, చదివేవారికి వెంటనే తెలియాలి. పెద్దలు ఎవరైనా దారి చూపగలరు.

సమాధానం

అమ్మా, మీరు మూడింటినీ కొట్టేయడమే సరైన పని. మరమ్మతు అనాలంటే ముందు ఏదో ఒకటి చెడిపోవాలి. మీ ఆటలోని ఇంట్లో కుళాయి కారుతుంటే, దాన్ని బాగుచేయడానికి ఇంట్లోని మనిషి పానా పట్టుకుని కూర్చుంటే, అది మరమ్మతు. వంటగదిని రెండు గడులు వెడల్పు చేయడం మరమ్మతు కాదు. ‘నవీకరణ’ పదం ఈమధ్య సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు అతుక్కుపోయింది. ఆట గురించి రాసే వ్యాసంలో ఆ మాట వాడితే, ఆటకు కొత్త వెర్షన్ వచ్చిందని పాఠకులు అనుకునే ప్రమాదం ఉంది. ఇక ‘పునర్నిర్మాణం’ అంటే ఉన్నది పోయింది, మళ్ళీ కడుతున్నాము అని అర్థం. ఆ మాటకు ఈ ఆట పుట్టుకతో మాత్రం గట్టి సంబంధమే ఉంది. ఈ ఆటల వరుసలో మొదటిదానికి రూపకర్త అయిన విల్ రైట్ ఇల్లు 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండలను దహించిన కార్చిచ్చులో కాలిపోయింది. ఇల్లూ సామానూ మళ్ళీ మొదటినుంచి సమకూర్చుకోవలసి వచ్చిన ఆ అనుభవంలోంచే, మనిషికి ఏ వస్తువు ఎందుకు కావాలి అన్న ఆలోచన మొదటి ‘ది సిమ్స్’ ఆటగా రూపుదిద్దుకుని 2000 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆయన చేసింది పునర్నిర్మాణం. మీరు రాస్తున్నది అది కాదు.

నా దృష్టిలో సమస్య నామవాచకంలో లేదు. తెలుగులో ఇంటిపనికి క్రియలు పుష్కలంగా ఉన్నాయి, వాటిని పక్కనబెట్టి సంస్కృత నామవాచకం కోసం వెతుకుతున్నందువల్లే మనకు ఈ ఇబ్బంది వస్తున్నది. ఆటలో నిర్మాణ విభాగం తెరిచి మీరు చేసే పనులను ఒక్కొక్కటిగా చెప్పి చూడండి. గోడ రంగు మార్చారు, మంచాన్ని గోడకు చేర్చారు, బల్లకు తగిన కుర్చీలు సమకూర్చారు, పుస్తకాలను అరలో పేర్చారు, దీపాన్ని మూలన అమర్చారు, ముందుగది తీరు తీర్చారు. అన్నీ ‘-ర్చు’తో ముగిసే క్రియలే. ఒక్కొక్కదాని వెనుక ఒక అకర్మక క్రియ ఉన్నది: మారు, చేరు, సమకూరు, పేరు, అమరు, తీరు. ‘పేరు’ ఒక్కటే ఇప్పుడు నిత్యవ్యవహారంలో పలచబడింది, ‘పేరుకుపోయింది’ అన్నప్పుడు మాత్రం తొంగిచూస్తుంది. వస్తువు తనంతట తాను అయ్యే పనికి మొదటి రూపం ‘-రు’, మరొకరు పూనుకుని చేయించే పనికి రెండవ రూపం ‘-ర్చు’, అంటే సకర్మక క్రియ. వీటికి అర్థఛాయలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చూడండి: పేర్చాలంటే ఒకదానిమీద ఒకటి ఉండాలి, చేర్చాలంటే ఆనుకోవడానికి ఇంకొకటి ఉండాలి, సమకూర్చాలంటే విడివిడిగా ఉన్నవి ఒక్కచోటికి రావాలి. ‘ప్లేస్ చేయండి’ అన్న ఒక్క మాటతో ఇవన్నీ చెరిగిపోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిర్మాణ విభాగం తెరవగానే ఆటలో కాలం ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ నిలిచిపోతారు. అక్కడ పనిచేసేది మీరొక్కరే కాబట్టి అక్కడ చెల్లేవి సకర్మక క్రియలు మాత్రమే: మార్చాను, చేర్చాను, అమర్చాను. విభాగం మూసి కాలాన్ని తిరిగి నడిపించిన క్షణం నుంచి అకర్మక క్రియల పాలన మొదలవుతుంది. మీరు అమర్చినది అమరిందా? కుదిర్చినది కుదిరిందా? ఈ తీర్పు మీరు చెప్పేది కాదు, ఇంట్లోవాళ్ళు నడిచి చెప్పేది. (తీర్చు నుంచి వచ్చిన ‘తీర్పు’ న్యాయస్థానాలకే అంకితమైపోయింది కానీ, ఇక్కడ అది పుట్టింటికి వచ్చినట్టే ఉన్నది.)

నా అనుభవమే ఒకటి చెబుతాను. మూడు తరాల కుటుంబం ఉన్న ఒక ఇంట్లో భోజనాల గది చిన్నదైపోయిందని, నలుగురు కూర్చునే బల్ల తీసేసి ఎనిమిదిమంది బల్ల వేశాను. గది పెంచడానికి డబ్బు చాలక, కుర్చీలను గోడకు దాదాపు ఆనించి సర్దాను. పైనుంచి చూస్తే గది చిత్రపటంలా ఉన్నది, కుర్చీల రంగు తెరల రంగుకు జత కలిసింది. కాలం నడిపించాను. ఇంట్లో పెద్దామె పళ్ళెం పట్టుకుని వచ్చి, లోపలి వరుస కుర్చీ దగ్గరకు దారి కనపడక నిలబడి, రెండు చేతులూ ఊపుతూ ఆటలోని మనుషుల భాష అయిన సిమ్లిష్‌లో నన్ను ఏదో అన్నది. ఆ భాష ఎవరికీ అర్థం కాకుండా అల్లినదే అయినా, ఆ వాక్యం నాకు పూర్తిగా అర్థమైంది. తరువాత ఆమె పళ్ళెం నేలమీద పెట్టి వెళ్ళిపోయింది. నేను ఎనిమిది కుర్చీలను అమర్చాను, అందులో నాలుగు అమరలేదు. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఉన్న తేడాను ఇంత పొదుపుగా చెప్పగల మాట మనకు ఉన్నప్పుడు దాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

ఈ ఆటను మొదట ఊహించినప్పుడు ఇల్లు కట్టడమే ప్రధానమని, ఆ ఇల్లు ఎంత బాగున్నదో తేల్చడానికే మనుషులను అందులో పెట్టారని, చివరకు ఆ మనుషులే ఆటను ఆక్రమించుకున్నారని రూపకర్త మాటల వల్ల తెలిసిన విషయమే. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే సకర్మకంగా మొదలైన ఆట అకర్మకంగా స్థిరపడింది.

అందువల్ల మీ శీర్షికకు నా సూచన: గోడలు, గదులు, తలుపుల పనికి ‘మార్పులు చేర్పులు’; వస్తువుల పనికి ‘అమరిక’. మొదటిది జంటపదంగా అందరి నోటా ఉన్నదే, ఉన్నదాన్ని ఉంచి పనిచేయడం అన్న అర్థం అందులో సహజంగా ఉన్నది. రెండవది సకర్మకమైన ‘అమర్చు’ నుంచి కాక ‘అమరు’ నుంచి వచ్చినది కనుక, ఫలితం ఎలా ఉండాలో కూడా చెప్పేస్తుంది.

మరొకరి అభ్యంతరం

పై వివరణ బాగున్నది కానీ, ‘తీర్చిదిద్దు’ అన్న చక్కటి జంటక్రియను ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. ‘ఇంటిని తీర్చిదిద్దడం’ అంటే మార్పూ అలంకరణా రెండూ ఒక్క మాటలో వస్తాయి. పైగా అందులోని ‘దిద్దు’ ఈ పనికి అతికినట్టు సరిపోతుంది. రాసి ఇచ్చిన అక్షరం మీద మళ్ళీ మళ్ళీ రాయడం దిద్దడం, తప్పును సరిచేయడం కూడా దిద్దడమే. ఆటలో అప్పటికే ఉన్న ఇంటి గీతల మీదే మనం మళ్ళీ గీస్తున్నాము, నచ్చకపోతే వెనక్కి వెళ్ళి సరిచేస్తున్నాము. అలాగే ‘అలంకరణ’ను కూడా మీరు అన్యాయంగా పక్కకు నెట్టారు. సంస్కృతంలో ‘అలం’ అంటే చాలు అని అర్థం. చాలినంతగా చేయడమే అలంకరణ. గది నిండా బొమ్మలు, చిత్రపటాలు కుక్కేవారికి ఆ మాటే ఒక హెచ్చరిక.

సమాధానం

అయ్యా, ‘దిద్దు’ విషయంలో మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను, ఆ కోణం నాకు తట్టలేదు. అయితే ‘తీర్చిదిద్దు’ అన్న జంటను వార్తాపత్రికలు విద్యార్థులకు, క్రీడాకారులకు, నగరాలకు వాడి వాడి అరగదీశాయి. ‘తీర్చి’ అన్నప్పుడు పని ముగిసిందన్న ధ్వని ఒకటి వస్తుంది, అప్పు తీర్చినట్టు. కుటుంబం ఉన్న ఇంట్లో ఆ ముగింపు రాదు. పసిపాప పుడితే ఉయ్యాల కావాలి, ఆ పాప పెద్దదైతే ఉయ్యాల ఉన్నచోట మంచం కావాలి. ‘అలంకరణ’కు నేను వ్యతిరేకిని కాను. ఆటలో అలంకార వస్తువులు ఉన్న గదిలోకి వచ్చినవారి మనసు కుదుటపడుతుంది కాబట్టి ఆ పనికి విడిగా ఒక పేరు ఉండవలసిందే. అది ‘అలంకరణ’ కావచ్చు, ‘శృంగారం’ నుంచి వచ్చిన ‘సింగారం’ కూడా కావచ్చు, కాకపోతే రెండవదానిలో గది కంటే మనిషి ఎక్కువగా కనపడతాడు. నేను చెప్పేదల్లా, పళ్ళెం పట్టుకుని నిలబడిన పెద్దామెకు గోడమీది చిత్రపటం ఎంత అందమైనదైనా కూర్చునే చోటు చూపించలేదని మాత్రమే.

ప్రశ్న వేసిన సభ్యురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. ‘కుటుంబం ఉన్న ఇంట్లో మార్పులు చేర్పులు: గదులు, అమరిక, అలంకరణ’ అని శీర్షిక పెట్టుకున్నాను. లోపలి పాఠంలో క్రియలను కూడా మార్చుకుంటూ వస్తున్నాను. ‘ప్లేస్ చేయండి’ అని పదకొండుచోట్ల రాసినది ఇప్పుడు ఆరు వేర్వేరు మాటలుగా విడిపోయింది. ఒక్క సందేహం మిగిలింది. వస్తువును తొలగించి దాని విలువను తిరిగి ఇచ్చే పనిముట్టు ఆటలో పెద్ద సుత్తి బొమ్మతో ఉంటుంది. దాన్ని ‘సుత్తి’ అంటే మేకు కొట్టేదానిలా వినిపిస్తున్నది.

సమాధానం

‘సమ్మెట’ అనండమ్మా. రెండు చేతులతో ఎత్తి కొట్టేదానికి ఆ మాట ఉన్నది. కాకపోతే ఆటలోని సమ్మెట పగలగొట్టదు, వస్తువును మాయం చేసి సిమోలియన్లు (ఆటలోని డబ్బు) చేతిలో పెడుతుంది. కొన్న కొత్తలో పూర్తి ధర, వాడిన రోజులు గడిచేకొద్దీ తక్కువ. దాని పక్కన రాయవలసిన క్రియ ‘పగలగొట్టండి’ కాదు, ‘తీసేయండి’.