'అలర్ట్'ను ఏమందాం? గంటా, హెచ్చరికా, కూతా?

అందరికీ నమస్కారం. పని అయిందని కంప్యూటరు చేసే చప్పుడును ఇంగ్లీషులో 'అలర్ట్' అంటారు. దానికి తెలుగు మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

మా మావయ్య కొట్టులో బాగా పాత కంప్యూటరు ఒకటుంది. అందులో లినక్స్ (కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేర్) ఒక్కటే, అదీ ఆదేశాలు టైపు చేసే, మౌస్ పని లేని నల్ల తెర. సౌండ్ కార్డు లేదు. రాత్రి కొట్టు కట్టేముందు లెక్కలన్నీ బయటి డిస్కులోకి కాపీ అవుతాయి. అది అయిపోయిందని ఆయనకు తెలియాలి. కాపీ ఆదేశం వెనకాలే ఆస్కీలో (అక్షరాలకు కంప్యూటరు వాడే అంకెల పట్టికలో) 7వ అక్షరాన్ని పంపేలా పెట్టాను. దాని పేరు 'బెల్'. తెర మీద ఏమీ కనబడదు. పెట్టెలోని బుల్లి స్పీకరు మాత్రం 750 హెర్ట్జ్‌లో, సెకనులో ఎనిమిదో వంతు సేపు కుయ్‌మంటుంది. (ఆ స్పీకరును నడిపే చిన్న ప్రోగ్రాము, అంటే పీసీ స్పీకర్ మాడ్యూల్, లోడ్ కాకపోతే అదీ మూగే. ఒక సాయంత్రమంతా దానికే పోయింది.)

గోడ మీద కాగితం అంటించాను: "గంట అయ్యాక డిస్కు తీయండి."

మర్నాడు ఫోను. "అమ్మాయ్, గంటసేపు కూర్చున్నానే! కాపీ ఎప్పుడో అయిపోయినట్టుంది."

ఆయన తప్పేం లేదు. బళ్ళో గంట అయిందంటే పిల్లలు పరిగెడతారు. కొట్టులో గడియారం ఎదురుగా కూర్చున్న మనిషికి గంటంటే అరవై నిమిషాలే. మరి ఏం రాయాలి?

జవాబు 1: 'హెచ్చరిక' అనండి. పత్రికల్లో అలర్ట్‌కు అదేగా వాడుతున్నారు.

జవాబు 2: బీప్ అంటే అందరికీ తెలుసండీ. ఎందుకు తిప్పలు?

నా మాట: ఇద్దరికీ ధన్యవాదాలు. 'హెచ్చరిక' నాకూ ఇష్టమైన మాటే. కన్నడంలో 'ఎచ్చర' అంటే మెలకువ. త్యాగరాజు 'హెచ్చరికగా రారా' అని రాముణ్ణి పిలిచినప్పుడు అందులో బెదిరింపు లేదు, పదిలంగా రమ్మనే ప్రేమ ఉంది. కానీ ఇవాళ ఆ మాట వినగానే తుపానో, వరదో గుర్తొస్తుంది. పని పూర్తయిందన్న కబురుకు ఆ మాట పెడితే మావయ్యకు ఉత్త టెన్షన్. పైగా ఈ అక్షరం కబురు తెచ్చేది మాత్రమే, మంచా చెడా అన్నది దానికి పట్టదు. పాత టెలిటైపుల్లో (తీగ మీద వచ్చిన అక్షరాలను కాగితం మీద టైపు చేసే యంత్రాల్లో) ఇది రాగానే లోపలి గంట నిజంగానే మోగేది, అందుకే బెల్ అన్నారు. ప్రోగ్రాములు రాసే 'సి' భాషకు 1989లో వచ్చిన ప్రమాణం దీనికే అలర్ట్ అని పేరు పెట్టింది.

'బీప్' నిజంగానే సులువు. కానీ మావయ్యకు చెవి కాస్త మందం. కొట్టులో ఫ్యాను తిరుగుతుంటే ఆ కుయ్ వినబడదు. అందుకని రెండో ఏర్పాటు కూడా చేశాను: 'టీపుట్ ఫ్లాష్' అనే ఆదేశంతో నల్ల తెర ఒక్కసారి తెల్లబడి మళ్ళీ నల్లబడుతుంది. ఇంగ్లీషులో దీన్ని 'విజువల్ బెల్' అంటారు. 'దృశ్య గంట' అని రాద్దామంటే నాకే అర్థం కాలేదు. 'కనిపించే బీప్' అంతకంటే అన్యాయం.

జవాబు 3: రైలు కూస్తుంది, మా ఊళ్ళో మిల్లు సైరన్ని కూడా 'కూత' అనేవాళ్ళం. అది ఎందుకు పనికిరాదు?

నా మాట: ఇదండీ నాకు కావాల్సిన మాట! కూతలో భయం లేదు, గంటలోని రెండర్థాల గొడవా లేదు. రైలు కూత విని జనం లేచి సంచులు సర్దుకుంటారు. ఈ అక్షరం చేసే పని కూడా అదే. ఇక దాని పక్కన పెట్టడానికి 'సైగ' తట్టింది. నోరు మెదపకుండా కంటితోనో చేత్తోనో చెప్పేది సైగ. చప్పుడు లేకుండా తెర చెప్పే కబురుకు ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు. 'దృశ్య సంకేతం' తప్పు కాదు గానీ, కొట్టు గోడ మీద అది సర్కారు బోర్డులా ఉంటుంది.

కొత్త కాగితం ఇలా రాశాను: "కూత వినబడినా, తెర సైగ చేసినా, డిస్కు తీసేయొచ్చు."

ఇంకొక్కటి మిగిలింది. తెర మెరుపు క్షణంలో పోతుంది, ఆయన అప్పుడు బేరంలో ఉంటే చూడలేరు. అందుకని 'సెట్‌లెడ్స్' ఆదేశంతో కీబోర్డు మీది క్యాప్స్ లాక్ దీపం వెలిగి అలాగే ఉండేలా చేద్దామనుకుంటున్నాను. మెరిసి పోయేదాన్ని సైగ అన్నాం. చూసేదాకా వెలుగుతూ ఉండేదాన్ని కూడా సైగే అనొచ్చా, లేక దానికి మీ వైపు వేరే మాట ఉందా?