అప్‌డేట్: 'చివరకు మిగిలేది' పూర్తయింది

బుచ్చిబాబు నవల రెండుసార్లు సగంలో ఆగిపోయింది, ఎలా చదవాలి అని మూడు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసిన సలహా: ముందు రావిశాస్త్రి 'అల్పజీవి' చదవమన్నది. ఆ సుబ్బయ్య భయాలతో పది రోజులు గడిపాక, కథ కదలకపోయినా మనసు కదిలితే చాలని అలవాటైంది. తర్వాత 'చివరకు మిగిలేది' మళ్లీ పట్టుకుని, కథానాయకుడు దయానిధి తల్లి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో అంచున గీత పెట్టుకుంటూ వెళ్లాను. అప్పుడు తెలిసింది, ఆమె మీద లోకం వేసిన నింద అతని ప్రతి బంధంలోకీ వచ్చి కూర్చుంటోందని. అతని జీవితంలోకి వచ్చిన స్త్రీలలో ఒకరైన అమృతం ఉన్న పేజీలైతే వెనక్కి తిప్పి మళ్లీ చదువుకున్నాను.

చిన్న అక్షరాలే అడ్డమనుకుని వేరే ముద్రణ కొన్నాను. దానితో ఏ తేడా లేదు, పాత ప్రతిలోనే ముగించాను. ఇప్పుడు గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మొదలుపెట్టాను.