ఎడిత్ కార్ల్‌మర్ కామెడీల వైపు వెళ్లడం దిగజారడమేనా?

పాతరీలు:
నార్వేలో ఫీచర్ సినిమా తీసిన తొలి మహిళగా ఎడిత్ కార్ల్‌మర్ పేరే చెబుతారు. 1949 నుంచి 1959 దాకా పది సినిమాలు తీసింది. మొదటి మూడూ బరువైన కథలు: హత్య దాకా లాక్కెళ్లిన మోహం, మానసిక జబ్బు, మత్తుమందుల అలవాటు. 1954 నుంచి మాత్రం ఎక్కువగా కామెడీలే. అంత తీక్షణంగా మొదలుపెట్టిన మనిషి హోటల్ గదుల తికమకల దాకా రావడం నా దృష్టిలో దిగజారుడే. మీరేమంటారు?

వెండితెర వెనక:
ఒప్పుకోనండీ. ఆవిడ వెనక పెద్ద స్టూడియో ఏమీ లేదు. భర్త ఒట్టోతో కలిసి సొంత కంపెనీ పెట్టుకుని తీసింది. అక్కడ థియేటర్లు చాలావరకు మునిసిపాలిటీల చేతిలో ఉండేవి, దేశం చూస్తే చిన్నది. ఒక్క సినిమా పోయినా కంపెనీ మూతపడేదే. జనం రాకపోతే రెండో సినిమాయే ఉండేది కాదు, పదోదాని మాట దేవుడెరుగు.

అయినా ఆ 'హోటల్ తికమకలు' ఒకసారి సరిగ్గా చూడండి. 1957లో వచ్చిన 'ఫ్యోల్స్ తిల్ ఫ్యెల్స్'లో నటుడు లైఫ్ యుస్టర్‌ది కొండమీది హోటల్ ఉద్యోగి పాత్ర. దిగినవాళ్లలో ఇద్దరు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు, ఒకడు సినిమా హీరో, ఇంకొకడు పక్షుల శాస్త్రవేత్త. ఇద్దరినీ ఒక్కడే అనుకుని ఆయన పడే అవస్థ! ఎవరు ఏ తలుపులోంచి ఎప్పుడు రావాలో ఒక్క క్షణం తప్పినా నవ్వు చచ్చిపోతుంది. ఆ లెక్క కుదరాలంటే చెయ్యి తిరిగిన దర్శకురాలు కావాలి.

పాతరీలు:
నేర్పు లేదని నేననలేదండీ. తెగువ పోయిందన్నాను. మొదటి సినిమా 'మృత్యువు ఒక లాలన'లో సోన్యాని గుర్తుతెచ్చుకోండి. డబ్బున్న ఇల్లాలు, గరాజు మెకానిక్ ఎరిక్ దగ్గరికి కారుతో వస్తుంది. ఎరిక్‌కి అప్పటికే వేరే పిల్లతో పెళ్లి నిశ్చయమైంది. అయినా ముందడుగు సోన్యాదే, కోరికా ఆవిడదే. 1949లో ఒక మహిళ ఆ కథని అంత నిర్భయంగా తీసింది. కామెడీల్లో ఆ నిర్భయం ఏది?

వెండితెర వెనక:
అది పదో సినిమాలో ఉంది. 1959 నాటి 'ఉంగ్ ఫ్లుక్ట్'. ఇల్లు వదిలి ప్రేమించినవాడితో అడవిలో గుడిసెకి వెళ్లిపోయిన పిల్ల కథ. ఆ పిల్లగా వేసింది ఇరవయ్యేళ్ల లివ్ ఉల్మన్, ఆమెకు అదే మొదటి ప్రధాన పాత్ర. ఆ పిల్లని చెడిపోయిందని తీర్పు చెప్పకుండా చూపించింది కార్ల్‌మర్. తెగువ పోయిన చేతికి అది సాధ్యమా? కామెడీలు కంపెనీని నిలబెట్టబట్టే అక్కడిదాకా రాగలిగిందని నా నమ్మకం.

పాతరీలు:
'ఉంగ్ ఫ్లుక్ట్' విషయంలో మీ మాటే నెగ్గింది, ఒప్పుకుంటున్నా. కామెడీల మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. కానీ ఇప్పుడు నన్ను అంతకన్నా బాధపెడుతున్నది వేరే ఉంది. అలాంటి సినిమా తీసిన మనిషి, ఇంకా యాభై నిండకుండానే, మళ్లీ దర్శకత్వం జోలికి వెళ్లలేదు. 2003 దాకా బతికింది.