టెమెరేర్ నకలులో తెరచాప కొయ్యలు తీసేయాలా?

ప్రశ్న: ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1839లో ప్రదర్శించిన 'ఫైటింగ్ టెమెరేర్' అనే యుద్ధనౌక చిత్రానికి చేతితో నూనెరంగుల్లో నకలు వేయిస్తున్నాను. 1838లో ఓడను విరగ్గొట్టడానికి లాక్కెళ్లేనాటికే తెరచాప కొయ్యలు ఊడదీశారట. నకలులోనూ తీసేయమని చెప్పనా?

జవాబు: వద్దండీ! ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో పోరాడిన ఓడకు, కొయ్యలు ఉన్నట్టే గీసి టర్నర్ కావాలని ఇచ్చిన గౌరవమది, దాన్ని చెరపకండి. మీరు పట్టుబట్టాల్సింది రంగు మందం గురించి. మేఘాల మీద పడే సూర్యకాంతి దగ్గర ఆయన రంగును ముద్దగా పెట్టాడు, ఓడ తాళ్లను మాత్రం సన్నని గీతలతో ఓపిగ్గా తీర్చాడు. నాసిరకం నకళ్లలో రెండూ ఒకే మందాన ఉంటాయి. పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటో అడగండి, పనితనం బయటపడుతుంది.

మరో జవాబు: అసలు చిత్రం సుమారు 91 × 122 సెంటీమీటర్లు. చిన్నది వేయించినా నిష్పత్తి మార్చనివ్వకండి. మారిస్తే కుడివైపు సూర్యుడు అంచుకు నెట్టుకుపోతాడు.