నీళ్లు కాగాకే ట్రిప్పవుతున్న గీజర్: లోపం ఎక్కడ?

సిరొంచలో మాకు బోరు నీళ్లే, సున్నం బాగా ఎక్కువ. గీజర్ 15 లీటర్లు, 2000 వాట్లు. ఆన్ చేశాక ఎనిమిది పది నిమిషాలు బాగానే నడిచి, నీళ్లు కాగాక 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతోంది. అదే సాకెట్లో ఇస్త్రీపెట్టె పెడితే ఏమీ కాదు. ఎలిమెంట్ వైర్లు విప్పేసినా పడట్లేదు.

ఎలిమెంట్ మీద పెచ్చులు కట్టిన సున్నాన్ని నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టి తీశాను. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే యానోడ్ రాడ్, నీళ్లు కారకుండా ఆపే గ్యాస్కెట్ కొత్తవి వేశాను. మల్టీమీటర్లో ఎలిమెంట్ 26 ఓమ్‌లు చూపిస్తోంది, చల్లగా ఉన్నప్పుడు బాడీకి కంటిన్యుటీ (కరెంటు పారే దారి) లేదు. ఎర్తింగ్ తీసేయమని ఒక ఎలక్ట్రీషియన్ అన్నాడు. ప్రాణాలు పోయే పని, అది మాత్రం చెయ్యను.

వేడికి ఎలిమెంట్ లోపలి ఇన్సులేషన్ లీకవుతోందా, గ్యాస్కెట్ దగ్గర ఊరే తడి టెర్మినళ్లకు తగులుతోందా? ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ మీటర్ లేకుండా ఎలా తేల్చుకోవాలి?