పీజీ మధ్యలో విదేశీ ట్రైనింగ్‌కి ఎన్‌ఓసీ ఎవరిస్తారు?

గుంటూరులో ఎంఎస్ జనరల్ సర్జరీ రెండో సంవత్సరంలో ఉన్నాను. యూకేలోని ఒక ఆసుపత్రి లివర్ సర్జరీలో 6 వారాల క్లినికల్ అటాచ్‌మెంట్ ఇస్తామంది. పక్కన నిలబడి చూడటమే, పేషెంట్ మీద చెయ్యి వేయకూడదు. కాబట్టి విజిటర్ వీసా చాలు. చిక్కంతా ఇక్కడే. ఆ ఆసుపత్రి వాళ్లు ఎన్‌ఓసీ (నేను వెళ్లడానికి ఇక్కడివాళ్లకు అభ్యంతరం లేదనే పత్రం) అడిగారు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) గారు వెంటనే సంతకం పెట్టారు. ప్రిన్సిపాల్ ఆఫీసులో "యూనివర్సిటీ అనుమతి తెండి" అన్నారు. అక్కడికి వెళ్తే "మీ కాలేజీయే చూసుకోవాలి" అని కాగితాలు చేతిలో పెట్టారు. రెండుసార్లు తిరిగాను. మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు. సెలవు పెడదామంటే ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవే, అందులో 8 వాడేశాను. మార్చి 2న అక్కడ చేరాలి, టెన్షన్‌గా ఉంది.

ఆంధ్రాలో పీజీ చేస్తూ ఇలా వెళ్లొచ్చినవాళ్లు, ఆ వారాలు సెలవు కింద కాకుండా ట్రైనింగ్ కింద రాయించుకోవడానికి ఎవరికి అర్జీ పెట్టారు?